కవర్లో చీటీ

1986. పాండిచ్చేరి, ఉప్పళం. అంబాళ్ ఫోటో స్టూడియోలో భోజనాల వేళకు షట్టరు సగం దించినారు. లోపల గోవిందరాజన్, ఆయన భార్య విశాలాక్షి, పొద్దున బెంగుళూరు బస్సు దిగి వచ్చిన అన్న కూతురు హేమావతి.

“...దుమ్మే కదా పాపా అది. దుమ్ము కాక ఇంకేంది?”

“దుమ్ము కాదు చిన్నాయనా.”

“నలభై ఏండ్లుగా బ్రష్షు పట్టుకోని ఉండా. నెగటివ్ మీద దుమ్ము పడితే ప్రింటులో తెల్ల మచ్చ వస్తుంది. దాని మీద సన్నంగా నల్ల రంగు పెడితే పోతుంది. అది తెలీనోణ్ణా నేను?”

“నీకు తెలీదని ఎవురన్నారు? ఇది వేరే సంగతి. ఆ మచ్చలు మేమే పెట్టినాం.”

“మీరే పెట్టినారా? ఫోటోలో దుమ్ము మీరే పెట్టినారా?”

“ఏమండి, ముందు ఆ పిల్లను రెండు ముద్దలు తిననియ్యండి. వచ్చినప్పటినుంచి కాఫీ కూడా ముట్టలేదు. తల ఎత్తి చూడను కూడా లేదు.”

“ఆకలిగా లేదు చిన్నమ్మా.”

“నువ్వుండు విశాలా. ఏంది పాపా, మళ్ళీ చెప్పు. మీరే పెట్టినారా?”

“ఆ ఆరు ఫోటోలూ ఆకాశానికి తీసినవి కాదు చిన్నాయనా.”

“నక్షత్రాలని చెప్పి ఇస్తివే. ఊరంతా చెప్పుకుంటి నేను. వైతికుప్పం నుంచి ఫోటోకు వచ్చినోళ్ళను లోపలికి పిలిచి మరీ చూపిస్తి, మా అన్న కూతురు తీసిన నక్షత్రాలని.”

“టెలిస్కోపే ఇంకా లేదు. ఉపగ్రహంలో పెట్టి పైకి పంపాలని ప్లాను. రెండేండ్లలో ఆకాశమంతా ఫోటోలు తీయాలని. పంపినాక అది ఏం చూస్తుందో ముందే తెలియాల కదా? అందుకే కంప్యూటర్లో ప్రోగ్రాం రాసినాం. దాని అద్దం ఎంత, ఫోటో పడే ప్లేటు ఎంత, ఒక్కో ఫోటోకు ఎంతసేపు తెరిచి పెడతాం, ఇవన్నీ చెప్తే, అది తీయబోయే ఫోటో ఎట్లుంటుందో లెక్క కట్టి నెగటివ్ మీద దింపి ఇస్తుంది.”

“లేని కెమెరాతో తీసిన ఫోటో.”

“అవును.”

“పెండ్లి కాకముందే పెండ్లి ఫోటో ఇచ్చినట్టు.”

“అట్లే అనుకో.”

“సరే. దాంట్లో దుమ్మెందుకు?”

“అది దుమ్ము కాదు. పైన గాలి లేదు, అడ్డం ఏమీ లేదు. సూర్యుడి నుంచీ ఇంకా యాడాడ నుంచో సన్న కణాలు వచ్చి ప్లేటుకు తగులుతా ఉంటాయి. తగిలిన చోటల్లా ఒక మచ్చ. చూసేదానికి నక్షత్రం మాదిరే ఉంటుంది. నిజం టెలిస్కోపులో ఎన్ని పడతాయో, అన్నీ దీంట్లోనూ పడాల. లేకుంటే ఈ ప్రోగ్రాం రాసి లాభమే లేదు. ఆ లెక్క వేసింది ప్రేమ.”

“మన ప్రేమా? కళ్ళద్దాల పిల్లా?”

“ఆ పిల్లే చిన్నమ్మా.”

“పోయిన వేసవిలో నీతోపాటు వచ్చింది కదా. పొద్దంతా సముద్రం గట్టున కూర్చోని, ఇంటికొచ్చి నా చేత చేపల పులుసు రెండుసార్లు చేయించుకునింది. పోతా పోతా నా కాళ్ళకు మొక్కింది. ఆ పిల్లేనా?”

“ఆ పిల్లే. నక్షత్రాల భాగం నాది, మచ్చల భాగం ఆమెది. రెండూ కలిస్తేనే ఒక ఫోటో.”

“అయితే నేను తుడిచింది...”

“ప్రేమ పని అంతా తుడిచేసినావు చిన్నాయనా.”

“అంతా?”

“అంతా.”

“ఆరు రోజులు కూర్చుంటి పాపా. జ్వరంతో కూర్చుంటి. భూతద్దం కింద పెట్టుకోని ఒక్కొక్కటే. నువ్వే కదా, మా ఆఫీసు డార్క్‌రూం మూసేసినారు, కమిటీ మీటింగు దగ్గర పడింది, ఆరూ పెద్ద సైజులో నీటుగా వేసియ్యి అంటివి. నీటుగా అంటివా లేదా?”

“అన్నా.”

“నీటుగా అంటే మా దగ్గర దుమ్ము లేకుండా అనే. ఇంకేముంది?”

“నీ తప్పని నేను అనలేదు.”

“మరి ఎవురి తప్పు?”

“ఎవురిదీ కాదు. అట్ల జరిగిపోయింది.”

“జరిగిపోయింది సరే. కమిటీలో ఏమైంది, అది చెప్పు. చెప్పకుండా చుట్టూ తిప్పతా ఉండావు.”

“ప్రేమ ఏమనిందంటే, ఒక్కో చోట ఆకాశాన్ని మూడుసార్లు తీయాల. నక్షత్రమైతే మూడింట్లోనూ అదే చోట ఉంటుంది, మచ్చ ఉండదు. అట్ల ఏరుకోవాల. మూడుసార్లు తీస్తే మూడింతల కాలం పడుతుంది, రెండేండ్లలో ఆకాశంలో మూడో వంతే అవుతుంది. అది ఎవురికీ నచ్చలేదు. అప్పుడు నీ ఫోటోలు గోడకు పెట్టినారు. ఒక్క మచ్చ లేదు. మా పెద్దాయన నాగేశ్వరయ్య సారు, ఫోటో ఇంత శుభ్రంగా ఉంటే ఈ అమ్మాయి లెక్క ఇంత భయపెడతా ఉందేంది, లెక్కే తప్పయ్యుంటుంది అన్నాడు. ఒక్కో చోట ఒక్కసారి చాలని రాసుకున్నారు.”

“ఆ పిల్ల ఏమనింది?”

“ఫోటో తప్పు అనింది. లేచి నిలబడి అనింది. కంప్యూటర్ తీసిన ఫోటో తప్పెట్ల అవుతుందమ్మా, నీ ప్రోగ్రామే కదా అన్నారు. నవ్వినారు.”

“నవ్వినారా?”

“నవ్వినారు. ఆమె కాంట్రాక్టు ఈ నెలాఖరు దాకా. మళ్ళీ ఇచ్చేది లేదన్నారు.”

“అయ్యో దేవుడా. ఏమండి, విన్నారా? ఆ పిల్లకు ఇంట్లో తమ్ముళ్ళు చదువుకుంటా ఉండారు, చెప్పింది నాతో.”

“వింటానే ఉండా. పాపా, నువ్వేం చేస్తివి అప్పుడు?”

“నేనా? నాకు తెలీదు కదా.”

“ఫోటోలు చూస్తివి కదా. మీరు పెట్టిన మచ్చలు లేవని నీకు తెలీలేదా?”

“పెద్ద హాలు చిన్నాయనా. దూరం నుంచి చూస్తే...”

“దూరం నుంచి.”

“గోడ ఆ కొసన. నేను ఈ కొసన.”

“ఊ. సిగ్గుగా ఉండాది పాపా. నా చేయి పడిన చోటు ఇంకో రిటచింగ్ మనిషికి కూడా కనపడదని చెప్పుకొని తిరిగేటోణ్ణి. ఆ గొప్పే ఇప్పుడు ఒక పిల్ల నెత్తిన పడింది. కొంచెం ముతకగా చేసుంటే, అక్కడే ఎవురైనా కనిపెట్టేసుండేవాళ్ళు.”

“అట్ల అనుకోవద్దు. నిజం చెప్తా, ఏది నక్షత్రం, ఏది మచ్చ అని మెషీను చేత ఏరించేదానికి మేం రెండేండ్లుగా తంటాలు పడతా ఉండాం. నువ్వు కంటితో ఏరేసినావు.”

“దాంట్లో ఏముంది? నక్షత్రం అంచు మెత్తగా ఉండాది, ముఖానికి వెలుతురు పడినట్టు. మచ్చ గట్టిగా, గీరినట్టుగా ఉండాది. కొన్ని వెంట్రుక మాదిరి. మెత్తగా ఉండేదాన్ని నేను ముట్టలేదు. ఇప్పుడు దానికి సంతోషపడమంటావా?”

“లేదులే.”

“ఏమండి, మీరు చీటీ పెట్టినారు కదా?”

“ఏం చీటీ చిన్నమ్మా?”

“ఏం చీటీ అంటావేంది? చిన్నప్పుడు ఈ బల్ల మీద కూర్చోని కార్బన్ కాగితం నువ్వే పెట్టేదానివి కదా. మరగతం ఫోటో సంగతి మరిచిపోతివా?”

“గుర్తుండాది.”

“మరగతం గడ్డం మీది పుట్టుమచ్చ మీ చిన్నాయన ఫోటోలో తీసేసినారు. పెండ్లికి పిల్లను చూసేదానికి వచ్చినోళ్ళు, ఫోటోలో పిల్ల వేరు, ఈ పిల్ల వేరు, మోసం చేస్తారా అని లేచి పోయినారు. మరగతం అమ్మ ఇదే గుమ్మంలో నిలబడి తిట్టి పోసింది. నేను లోపల తలుపు మూసుకుంటి.”

“ఆ రోజు నుంచి, చేయి పెట్టిన ఏ ఫోటోకైనా కవర్లో చీటీ లేకుండా ఇయ్యలేదు నేను. ఏం తీసినాను, ఏం పెట్టినాను, ఎవురు అడిగినారు, అంతా దాంట్లో ఉంటుంది. సేదరపేట్ ఫ్యాక్టరీ వాళ్ళ కార్డు ఫోటోలకు కూడా, కంటికింద నలుపు తీసినానని రాసి పెడతా. వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పాపా, మీ ఆరు ఫోటోలకూ పెట్టినా కదా.”

“కవర్లో చీటీ లేదు చిన్నాయనా.”

“లేదా?”

“లేదు.”

“పచ్చ చీటీ. ఇంత పొడుగు.”

“నేను చూడలేదు. ఆఫీసులో ఎవురైనా తీసి పారేసినారేమో. అరవంలో ఉంటుంది కదా, అక్కడ ఎవురికీ చదవడం రాదు.”

“నీకు వస్తుంది కదా.”

“కనపడి ఉంటే చదివేదాన్ని కదా.”

“అవును. కనపడి ఉంటే చదివేదానివి.”

“ఆ వారం నీకు జ్వరం అంటివి. మరిచిపోయుంటావు.”

“ఈయనా? పెండ్లాం పేరైనా మరిచిపోతారు గానీ చీటీ మరిచిపోయే రకం కాదు.”

“బుక్కులో కార్బన్ కాపీ ఉంటుంది, ఇప్పుడే తీసి చూస్తా...”

“వద్దు చిన్నాయనా. వద్దు. టైం లేదు. నాలుగు గంటల బస్సుకు పోవాల.”

“రెండు నిమిషాల పని.”

“చూసి ఏం లాభం? జరిగింది జరిగింది. నాకు నీ దగ్గర ఒక లెటర్ కావాల. దానికే వచ్చినా.”

“ఏం లెటర్?”

“ప్రేమ కొట్లాడి నెగటివులు బయటికి తీయించింది. వాటిల్లో మచ్చలుండాయి, ప్రింటుల్లో లేవు. ఇప్పుడు ఆఫీసులో రెండు మాటలు. తన లెక్క నిలబెట్టుకునేదానికి ప్రేమే కొత్త నెగటివులు చేసి మార్చిపెట్టిందని కొందరు. ప్రింటుల్లోనే ఎవురో తుడిచినారని కొందరు. ఎవురు తుడిచినారో సోమవారం లోపల తేలాల అన్నాడు సారు.”

“మార్చిపెట్టిందని కూడా అంటా ఉండారా ఆ పిల్లను?”

“అంటా ఉండారు. నువ్వు లెటర్ ఇస్తే ఆ మాట పోతుంది. ఆమె లెక్క రైటని తేలుతుంది, కాంట్రాక్టు నిలబడుతుంది. నీ లెటర్ లేకుంటే ఆమె పోయినట్టే.”

“ఇంగ్లీషులో నాకు రాదే.”

“అరవంలోనే రాయి. నేను చెప్తా. సారు తర్జుమా చేయించుకుంటాడు.”

“చెప్పు.”

“‘ఈ ఆరు ఫోటోల్లోని తెల్ల మచ్చలు దుమ్మనుకొని నేనే తుడిచినాను.’”

“...నేనే తుడిచినాను. నిజమే.”

“‘తుడవమని నాకు ఎవురూ చెప్పలేదు.’”

“చెప్పలేదు. అదీ నిజమే. నీటుగా అనే మాట రాయాలా?”

“అది... వద్దులే. అది చిన్న మాట.”

“సరే. ఇంకా?”

“‘తుడిచిన సంగతి హేమావతికి తెలియదు. ఎప్పుడూ పెట్టే చీటీ ఈసారి పెట్టడం మరిచిపోయినాను.’”

“అది రాయొద్దండి. ఇరవై ఏండ్లుగా ఆ చీటీ మీదనే కదా ఈ షాపుకు మనుషులు వచ్చేది. పెట్టిన చీటీని పెట్టలేదని మీ చేతులతో మీరే రాస్తారా?”

“నువ్వూరుకో విశాలా. పిల్ల బతుకు కంటే నా చీటీ ఎక్కువా?”

“ఏ పిల్ల?”

“ప్రేమ. ప్రేమ కోసమే కదా పాపా?”

“అవును.”

“రాసినా. మరిచిపోయినాను. ఇంకా?”

“‘నక్షత్రాలను ముట్టుకోలేదు’ అని రాయి. కాదు, ఉండు, అది సరిగ్గా లేదు. ఐదో ఫోటోలో కుడిపక్క మూలన ఒక నక్షత్రాన్ని పొరపాటున తుడిచి మళ్ళీ తెల్ల రంగుతో పెట్టినావు కదా, అది కూడా రాయాల. లెటర్లో అన్నీ సరిగ్గా ఉండాల. ఒక్కటి తప్పిపోయినా తర్వాత ప్రేమ మీదనే పెడతారు.”

“ఐదో ఫోటోలో.”

“కుడిపక్క మూలన.”

“ఒక్కటి.”

“ఒక్కటే. ఏం చిన్నాయనా, రాయడం ఆపేసినావు?”

“పెన్నులో ఇంకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. కుడిపక్క మూలన, తెల్ల రంగుతో. రాసినా.”

“అంతే. కింద సంతకం, తేదీ.”

“ఇది కొట్టివేతలతో ఉండాది. మంచి కాగితం మీద మళ్ళీ ఎక్కించి ఇస్తా. నువ్వు లోపలికి పోయి తిను. విశాలా, తీసుకోని పో.”

“నాకు వద్దు...”

“పో పాపా. తినకుండా బస్సెక్కితే కళ్ళు తిరుగుతాయి.”

*

“ఇంకొంచెం పెరుగు వేసుకో. ప్రేమ ఎట్లుండాది ఇప్పుడు?”

“బాగుండాది చిన్నమ్మా.”

“ఎట్ల బాగుంటుంది? ఒకే గదిలో కదా ఉండేది మీరు. నీతో మాట్లాడతా ఉండాదా?”

“మాట్లాడుతుంది. నీళ్ళు వచ్చినాయి, ఉత్తరం వచ్చింది, అట్ల.”

“నీ మీద కోపమా?”

“కోపమైతే బాగుండు. కమిటీ రోజు అందరూ ఫోటోలు చూస్తా ఉండారు చిన్నమ్మా. ఆమె మాత్రం నన్నే చూసింది. నేను లేస్తానని. లేచి ఏదో ఒకటి చెప్తానని.”

“నీకు తెలీదు కదా, ఏం చెప్తావు?”

“అదే. తెలీదు కదా.”

“మరి ఎందుకట్ల మెలికలు తిరిగిపోతా ఉండావు?”

“ఏడేండ్లుగా ఆ హాల్లో గోడ పక్కన స్టూలు మీద కూర్చుంటి. ఆ రోజు మొదటిసారి ముందు వరసలో కుర్చీ వేసినారు. సారు నా పేరు చెప్పి, ఫోటోలు చూడండి, పని అంటే ఇట్లుండాల అన్నాడు. అందరూ తిరిగి నన్ను చూసినారు.”

“మంచిదే కదా. మీ నాయన ఉండుంటే ఎంత సంతోషపడేవాడో. దానికి కళ్ళనీళ్ళెందుకు?”

“కళ్ళనీళ్ళు కాదు. కారం.”

“పెరుగన్నంలో కారం యాడుండాది?”

“...చాలు చిన్నమ్మా. చేయి కడుక్కుంటా.”

“ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. ఆ లెటర్లో నీ పేరెందుకు? ప్రేమ కోసం అయితే, హేమావతికి తెలియదు అనే వరస ఎందుకు?”

“సారు అడుగుతాడు చిన్నమ్మా. ఊరికే. పద్ధతి కోసం.”

“పద్ధతి కోసమా. సరే. మీ చిన్నాయన పద్ధతి మాత్రం ఈ పొద్దుతో పోయింది. నాలుగు మాటలు రాసేదానికి ఇంతసేపా ఆయనకు? ఏమండి, అయిందా? బస్సు టైమవుతుంది.”

*

“అయింది. ఇదిగో పాపా కవరు.”

“అంటించలేదే?”

“అంటించను. తెరిచి చూసుకో. చూసుకోకుండా ఎవురికీ కవరు ఇయ్యను, నీకు తెలుసు కదా.”

“నేను చూడాలా? నువ్వు రాసిందే కదా. వస్తా చిన్నాయనా, వస్తా చిన్నమ్మా.”

“చూసుకో పాపా.”

“చూసినా. లెటర్ ఉండాది, సంతకం ఉండాది. నేను చెప్పినట్టే ఉండాది. ఇది... ఈ పచ్చ చీటీ ఏంది?”

“చదువు.”

“బస్సులో చదువుకుంటా.”

“బస్సులో వద్దు. ఇక్కడ చదువు. పైకి చదువు, మీ చిన్నమ్మకు కళ్ళజోడు లేదు.”

“‘వస్తువు: లెటర్ ఒకటి. చేయి పెట్టింది: గోవిందరాజన్. తీసేసింది: ఆరు ఫోటోలతో చీటీ పెట్టిన సంగతి. అడిగినవారు...’”

“అడిగినవారు?”

“‘...హేమావతి.’”

“ఏంది ఇది? ఏమండి, ఏంది ఇది?”

“కింద ఇంకో వరస ఉండాది పాపా.”

“చిన్నాయనా, నేను...”

“చదువు తల్లీ. రెండు కాగితాలూ నీకే ఇచ్చినా, సోమవారం ఏది బల్ల మీద పెడతావో నేను అడగను. ఆ వరస మాత్రం నా ముందర చదివి పో.”

“‘గమనిక: ఐదో ఫోటోలో మళ్ళీ పెట్టిన నక్షత్రం సంగతి నేను ఎవురికీ నోటితో చెప్పలేదు. ఆ రోజు కవర్లో పెట్టిన చీటీలో మాత్రమే రాసినాను.’”